లిస్ట్‌ని ఓవర్‌రైడ్ చేయడం గురించి రాసే అమ్మాయికి

తిరుపతి

చిరంజీవికి దీవెనలు.

నీ వ్యాసం నిదానంగా చదివాను. తెలుగు బాగుంది, తొందర మాత్రం ఎక్కువైంది. సీ షార్ప్ భాషలో పేరెంట్ క్లాసులోని లిస్ట్ ప్రాపర్టీని, దాన్నుంచి పుట్టిన చైల్డ్ క్లాసులో వేరే టైపుతో ఓవర్‌రైడ్ చేస్తే, అంటే తిరగరాస్తే, ఎర్రర్ వస్తుందని చెప్పి, వెంటనే దాన్ని తప్పించుకునే దారి చూపించేశావు. మన ఊళ్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఆ ఎర్రర్ బాగా తెలుసు. కోడ్ రన్ కాకముందే దాన్ని సరిచూసే కంపైలర్ ఎందుకు మొండికేస్తుందో, అదీ వాళ్లకు తెలియంది.

కుక్కలూ పిల్లుల ఉదాహరణ తీసెయ్, అమ్మా. దామలచెరువు మామిడి మండీలు చూసినదానివి, అక్కణ్ణుంచే మొదలుపెట్టు. 'మండీ' పేరెంట్ క్లాస్. దాని 'సరుకు' ప్రాపర్టీ పండ్ల లిస్ట్. 'మామిడిమండీ' చైల్డ్ క్లాస్, దాని సరుకు మామిడి లిస్ట్‌గా ఉండాలని నీ కోరిక. మామిడి కూడా పండే కదా, అభ్యంతరమేంటి అనిపిస్తుంది. ఇప్పుడు ఏ మండీనైనా తీసుకుని దాని సరుకులో ఒక సీతాఫలం చేర్చే ఫంక్షన్ రాయి. పండ్ల లిస్ట్‌లో సీతాఫలం వేయడం న్యాయమే. ఆ ఫంక్షన్‌కు మామిడిమండీని ఇవ్వు. తోతాపురి, బేనీషా తప్ప ఇంకేమీ ఉండకూడని లిస్ట్‌లో సీతాఫలం వచ్చి పడింది! ఫంక్షన్ తప్పేమీ చేయలేదు. మామిడి లిస్ట్‌ని పండ్ల లిస్ట్‌గా చలామణీ కానివ్వడమే తప్పు. కంపైలర్ ఆపేది దాన్నే. ఇక్కడ ఎంత చోటు తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో చెప్పిన సూత్రాన్ని దీని తర్వాతే పరిచయం చెయ్. పేరెంట్ ఉండాల్సిన చోట చైల్డ్‌ని పెట్టినా ప్రోగ్రామ్ చెడిపోకూడదన్నది సీతాఫలం చూసినవాళ్లకు ఇట్టే ఎక్కుతుంది.

జావా, సీ షార్ప్ రెండూ అర్రేల విషయంలో మాత్రం, మామిడి అర్రేని పండ్ల అర్రేగా చలామణీ చేసినా కంపైల్ కానిస్తాయి, రన్ అయ్యేటప్పుడు అందులో సీతాఫలం వేయబోతే ఎక్సెప్షన్ (ఎర్రర్) విసురుతాయి. దీనికి ఒక్క వాక్యం చాలు.

లిస్ట్‌లోంచి తీసుకోవడమే తప్ప వేయడం లేకపోతే చిక్కే లేదని గట్టిగా చెప్పు. ఐఎన్యూమరబుల్ అంటే సరుకును ఒక్కొక్కటిగా చదవడానికి మాత్రమే వీలిచ్చే టైపు. అందుకే 2010లో వచ్చిన సీ షార్ప్ 4 నుంచి మామిడి ఐఎన్యూమరబుల్‌ని పండ్ల ఐఎన్యూమరబుల్‌గా వాడుకోవచ్చు. 2020లో సీ షార్ప్ 9 వచ్చాక, సెట్ లేని, అంటే కొత్త విలువ పెట్టే వీల్లేని, ప్రాపర్టీని చైల్డ్‌లో ఇంకా ఖచ్చితమైన టైపుతో ఓవర్‌రైడ్ చేయవచ్చు.

నువ్వు సూచించిన 'న్యూ' కీవర్డ్ దారి దయచేసి తీసెయ్. అది ఓవర్‌రైడ్ కాదు, దాచిపెట్టడం. ఒకే ఆబ్జెక్ట్‌లో రెండు లిస్టులు తయారవుతాయి. చైల్డ్ టైపుతో వంద గంపలు వేస్తావు. బిల్లు వేసే ఫంక్షన్ పేరెంట్ టైపుతో చూస్తుంది, దానికి సరుకు ఖాళీ. ఎర్రర్ రాదు, బిల్లు సున్నా వస్తుంది. నేర్చుకునే పిల్లల్ని అందులోకి దింపకూడదు.

వాళ్లకు జెనరిక్ పేరెంట్ చూపించు. సరుకు టైపును 'మండీ' ముందే నిర్ణయించకుండా, చైల్డ్ చెప్పేదాకా ఖాళీగా ఉంచుతుంది. ఓవర్‌రైడ్ అవసరమే పడదు. అయితే మామిడిమండీ, సీతాఫలంమండీ అప్పుడు ఒకే పేరెంట్ టైపు కిందికి రావు. రెంటినీ కలిపి లెక్క చూడాలంటే చదవడానికి మాత్రమే వీలిచ్చే ఇంటర్‌ఫేస్ ఒకటి కావాలి. దాన్నీ రాసి, ప్రతి కోడ్ ముక్కనూ రన్ చేసి చూసుకుని పంపు.

ఆశీస్సులతో.