ప్లాస్మా టేబుల్‌ను లైనక్స్ సీఎన్‌సీకి మార్చేటప్పుడు

ప్రశ్న: మా వర్క్‌షాపులో విద్యుత్ ఆర్క్‌తో లోహపు ప్లేట్లను కోసే ప్లాస్మా కటింగ్ టేబుల్‌ను నడిపే కంట్రోలర్ పాతబడింది. దాని సాఫ్ట్‌వేరు పాత విండోస్ మీద తప్ప పనిచేయదు, తయారీదారు కొత్త వెర్షన్లు ఇవ్వడం మానేశారు. టార్చ్ ఎత్తును సరిచేసే పెట్టె వేరుగా ఉంది. మూలల దగ్గరా చిన్న రంధ్రాల దగ్గరా టార్చ్ కిందికి దిగి ప్లేటుకు తగులుతోంది. మోటార్లు, వాటిని నడిపే డ్రైవులు, టార్చ్‌ను మోసే గ్యాంట్రీ (కదిలే చట్రం) బాగానే ఉన్నాయి. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు మారితే ఈ బాధ తీరుతుందా? ఏమేమి మార్చాలి?

జవాబు: తీరుతుంది. వేగాన్నీ ఎత్తునూ ఒకే ప్రోగ్రాము చూసుకుంటుంది కనుక తీరుతుంది. ఈ సంగతి మనసుకు ఎక్కితే ఏ భాగం మార్చాలో, దేన్ని ముట్టుకోకూడదో మీకే తెలిసిపోతుంది.

కోత నడుస్తున్నంతసేపూ టార్చ్ ఎత్తును మనం నేరుగా కొలవడం లేదు. టార్చ్‌కూ ప్లేటుకూ మధ్య వెలిగే ఆర్క్ పొడవు పెరిగితే వోల్టేజి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ వోల్టేజిని బట్టి ఎత్తును అంచనా వేస్తున్నాం. వేడికి వంగిన ప్లేటు మీద ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. మూల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గ్యాంట్రీ నెమ్మదిస్తుంది, ఆర్క్ అక్కడ ఎక్కువసేపు నిలిచి కోతను వెడల్పు చేస్తుంది, అంచు దూరమైనందువల్ల ఆర్క్ సాగి వోల్టేజి పెరుగుతుంది. మీ విడి పెట్టెకు గ్యాంట్రీ వేగం తెలియదు కాబట్టి టార్చ్ పైకి లేచిందని భ్రమపడి కిందికి దింపుతుంది. చిన్న రంధ్రాల దగ్గర జరుగుతున్నదీ ఇదే.

ఈ పనికి నేను సూచించేది లైనక్స్ సీఎన్‌సీ, అంటే యంత్రాల కదలికలను కంప్యూటర్‌తో నడిపే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990లలో ఈఎంసీ అనే పేరుతో మొదలైన ఈ ప్రోగ్రాము, 2011లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దాని 2.9 వెర్షన్‌తో పాటే క్యూటీప్లాస్మాసీ అనే ప్లాస్మా విభాగం వస్తుంది. గ్యాంట్రీ వేగం, ఆర్క్ వోల్టేజి రెండూ దాని చేతిలోనే ఉంటాయి కనుక, కోత వేగం మీరు పెట్టిన హద్దు కంటే తగ్గగానే ఎత్తు సవరణను ఆపేసి, మూల దాటి వేగం పుంజుకున్నాక మళ్లీ మొదలుపెడుతుంది. ఆ హద్దు సాధారణంగా, పెట్టిన కోత వేగంలో 90 శాతం. టార్చ్ లోపల ఆర్క్ పుట్టే ఎలక్ట్రోడ్ అరిగేకొద్దీ అదే ఎత్తులో వోల్టేజి పెరుగుతుంది కదా, దానికీ ఇందులో మార్గం ఉంది: ప్రతి కోత మొదట్లో టార్చ్ సరైన ఎత్తుకు చేరాక వోల్టేజిని చదివి, ఆ కోతకు దాన్నే ప్రమాణంగా తీసుకోమని చెప్పవచ్చు. నా దృష్టిలో ఈ ఒక్క సౌకర్యం కోసమైనా మారవచ్చు.

మోటార్లు, డ్రైవులు, అంచు దాకా వెళితే యంత్రాన్ని ఆపే లిమిట్ స్విచ్‌లు అలాగే ఉంచండి. పాత కంట్రోలర్ స్థానంలో మెసా వారి 7ఐ96 రకం ఈథర్నెట్ కార్డు, ఆర్క్ వోల్టేజిని చదవడానికి వారిదే టీహెచ్‌సీఏడీ కార్డు కావాలి. వోల్టేజిని ఈ రెండో కార్డు ఫ్రీక్వెన్సీగా మార్చి పంపుతుంది కాబట్టి దారిలో కలిసే విద్యుత్ రొద (నాయిస్) రీడింగును అంతగా చెడగొట్టదు. మీ ప్లాస్మా యంత్రంలో విభజించిన వోల్టేజి ఇచ్చే సాకెట్టు ఉంటే, తప్పకుండా దాన్నే వాడండి. 50కి 1 నిష్పత్తిలో వచ్చే సాకెట్టు దగ్గర 130 వోల్టుల ఆర్క్ 2.6 వోల్టులుగా కనిపిస్తుంది. అలాంటి సాకెట్టు లేని యంత్రంలో ఎలక్ట్రోడ్ తీగ దగ్గర చేయి పెట్టాల్సి వస్తుంది. ఆర్క్ వెలగకముందు అక్కడ 250, 300 వోల్టుల డీసీ ఉండవచ్చు. అది ప్రాణం తీసే వోల్టేజి. కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది. ఆ పనిని, ఆ యంత్రాన్ని విప్పడం తెలిసినవారికే అప్పగించండి.

టార్చ్ వెలిగించకముందే వోల్టేజి రీడింగును పరీక్షించుకోవచ్చు. టీహెచ్‌సీఏడీ కార్డు మీద 0 వోల్టుల దగ్గరా పూర్తి వోల్టేజి దగ్గరా వచ్చే ఫ్రీక్వెన్సీలు రాసి ఉంటాయి. వాటినీ, ఫ్రీక్వెన్సీని ఎంతతో భాగించి పంపాలో కార్డు మీది జంపరుతో (చిన్న క్లిప్పుతో) ఎంచుకున్న భాగహారాన్నీ సెటప్‌లో ఇవ్వాలి. తరువాత ప్లాస్మా నుంచి వచ్చే తీగను విప్పి, కార్డు ఇన్‌పుట్‌కు ఒక 1.5 వోల్టుల బ్యాటరీ తగిలించండి. మల్టీమీటరులో అది 1.58 చూపితే, 50 నిష్పత్తి పెట్టిన తెరమీద 79 వోల్టులు కనిపించాలి. 79కి చాలా దూరంగా ఉన్న అంకె కనిపిస్తే సెటప్‌లో భాగహారమో మరో అంకో తప్పు పెట్టారన్నమాట. ఈ తప్పుతోనే కోత మొదలుపెడితే మొదటి ప్లేటులోనే టార్చ్ కొన మీది నాజిల్ పోవచ్చు.

మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులో పాత కంట్రోలర్ నుంచి ఎత్తి రాసుకోవడం కన్నా మీరే లెక్క వేసుకోండి. మాడ్యూల్ (పళ్ల పరిమాణం) 1.5, 20 పళ్లు ఉన్న పినియన్ చక్రం ఒక చుట్టు తిరిగితే 94.25 మి.మీ. కదులుతుంది, మోటారు చుట్టుకు 1600 స్టెప్పులు, బెల్టు తగ్గింపు 3కి 1 అయితే మొత్తం 4800 స్టెప్పులు, అంటే మిల్లీమీటరుకు 50.93. ఆపైన ఒక మీటరు నడిపించి టేపుతో సరిచూసుకుంటే చాలు.

కొత్తవారు ఎక్కువగా తడబడేది టార్చ్‌ను పైకీ కిందికీ కదిపే జెడ్ అక్షం దగ్గర. క్యూటీప్లాస్మాసీలో టార్చ్ ఎత్తు సవరణ మామూలు కదలికపై అదనంగా చేరుతుంది, ఆ రెండూ జెడ్ అక్షం వేగాన్ని సగం సగం పంచుకుంటాయి. అందుకని సెటప్ ఫైలులో అక్షం విభాగపు వేగం, త్వరణం అంకెలను జాయింట్ (ఆ అక్షపు మోటారు) విభాగంలో ఉన్నవాటికి రెట్టింపుగా రాసి, ఆఫ్‌సెట్ నిష్పత్తిని 0.5 పెట్టాలి. దీన్ని తప్పుగా పెట్టినవారికి టార్చ్ బద్ధకంగా కదులుతున్నట్టు అనిపిస్తుంది, వాళ్లు మోటారును నిందిస్తారు.

ఇక మిగిలింది విద్యుత్ రొద. హై ఫ్రీక్వెన్సీతో వెలిగే యంత్రం వేల వోల్టుల మెరుపులు వదులుతుంది. మీది ఆ రకమే అయితే టార్చ్ తీగను సిగ్నల్ తీగలకు వీలైనంత దూరంగా నడపండి. ఎర్తులన్నీ ఒకే బిందువు దగ్గర కలవాలి. నేను పనిచేసిన ఒక టేబుల్ దగ్గర ఆర్క్ వెలిగిన ప్రతిసారీ లిమిట్ స్విచ్ తగిలినట్టు యంత్రం ఆగిపోయేది. రెండు రోజులు సాఫ్ట్‌వేరులో వెతికాను. చివరికి చూస్తే, ప్లేటును ప్లాస్మా యంత్రానికి కలిపే వర్క్ క్లాంపు రంగు వేసిన ఇనుము మీద బిగించి ఉంది. రంగు గీకి, లోహం తళతళలాడేలా చేసి మళ్లీ బిగించాక ఆ జబ్బు తిరిగి రాలేదు.

ప్రశ్న: దీనికి మా పాత ల్యాప్‌టాప్ సరిపోతుందా?

జవాబు: ల్యాప్‌టాప్ వద్దు. విద్యుత్తు ఆదా కోసం అది తనంతట తాను నెమ్మదిస్తుంటుంది. కదలికల నియంత్రణకు కావలసింది వేగం కన్నా క్రమం తప్పని సమయపాలన. ఒక సాధారణ డెస్క్‌టాప్ తీసుకుని, ఇన్‌స్టాల్ చేయగానే లైనక్స్ సీఎన్‌సీలోని లేటెన్సీ (ఆలస్యం) పరీక్షను నడపండి; అది నడుస్తుండగా విండోలు కదపండి, పెద్ద ఫైళ్లు కాపీ చేయండి, వీడియో పెట్టండి. మెసా కార్డు ఉన్నప్పుడు స్టెప్పుల పల్సులను కార్డే పుట్టిస్తుంది, కంప్యూటర్ మిల్లీసెకనుకు ఒకసారి దానితో మాట్లాడితే చాలు, కాబట్టి జిట్టర్ (సమయంలో హెచ్చుతగ్గు) 100 మైక్రోసెకన్ల లోపు ఉంటే ఇబ్బంది ఉండదు. ఎక్కువగా వస్తే కంప్యూటర్ మూల సెట్టింగులు ఉండే బయాస్‌లోకి వెళ్లి విద్యుత్తు ఆదా సదుపాయాలను, హైపర్ థ్రెడింగ్‌ను ఆపి మళ్లీ చూడండి.

ప్రశ్న: మా దగ్గర ఉన్న వందలాది జీ-కోడ్ ఫైళ్లు (యంత్రానికి కదలికలు చెప్పే ఫైళ్లు) పనికొస్తాయా?

జవాబు: కోత గీతలు పనికొస్తాయి, టార్చ్ ఆదేశాలు మారతాయి. పాత ఫైళ్లలో టార్చ్‌ను ఎత్తుకు దింపడం, గుచ్చడం (కోతకు ముందు ఆర్క్‌తో ప్లేటులో బెజ్జం వేయడం), ఆగడం వరుసగా రాసి ఉంటాయి. క్యూటీప్లాస్మాసీ ఆ పనులన్నీ తానే చేసుకుంటుంది. గుచ్చే ఎత్తు, గుచ్చేటప్పుడు ఆగే సమయం, కోత ఎత్తు, వేగం, వోల్టేజి అన్నీ మెటీరియల్ పట్టికలో ఉంటాయి. ఫైలులో మెటీరియల్‌ను ఎంచుకునే ఎం190 పంక్తి, టార్చ్ వెలిగించే 'ఎం3 $0 ఎస్1', ఆర్పే ఎం5 ముఖ్యంగా ఉండాలి. అందుకే ఒక్కో ఫైలును దిద్దుకుంటూ కూర్చోకుండా, డ్రాయింగుల నుంచి జీ-కోడ్ తయారుచేసే మీ క్యామ్ ప్రోగ్రాములో, ఆ కోడ్ రూపాన్ని నిర్ణయించే పోస్ట్ ప్రాసెసర్‌ను మార్చి అసలు డ్రాయింగుల నుంచి మళ్లీ తీయడమే మేలు.

పట్టికలోని అంకెలను మీ ప్లాస్మా యంత్రం పుస్తకం నుంచి తీసుకోండి. రంధ్రాల కోసం ఫైలు మొదట్లో '#<హోల్స్>=1' అనే పంక్తిని, దానిలోని పదాన్ని ఇంగ్లీషు అక్షరాలలో, చేర్చితే 32 మి.మీ. లోపు రంధ్రాలన్నింటినీ అది 60 శాతం వేగంతో కోస్తుంది. మీ ప్లేటు మందానికి ఆ అంకెలు కుదరకపోతే, అదే మందం ఉన్న తుక్కు ముక్క మీద పది పన్నెండు రంధ్రాలు కోసి, కింది అంచు వ్యాసాన్ని కాలిపర్‌తో కొలిచి మార్చుకోండి.