సైన్సు శాఖల్లో ఏది దేన్ని చదువుతుంది? ఒక్క ఇనుముతో తేల్చుకోవచ్చు

ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ నిర్వచనాలు నోటికొచ్చినా, ఫలానా విషయం ఏ శాఖ కిందికి వస్తుందో తేలడం లేదని చాలామంది అంటుంటారు. నిర్వచనాలతో వచ్చే చిక్కే అది. "పదార్థాన్ని గురించి చదివేది" అంటే ఫిజిక్సుకీ సరిపోతుంది, కెమిస్ట్రీకీ సరిపోతుంది. శాఖను తేల్చేది వస్తువు కాదు, దాని గురించి మనం అడిగే ప్రశ్న. ఇనుమునే తీసుకోండి.

అయస్కాంతం ఇనప మేకును ఎందుకు లాగుతుంది? అదే మేకును సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటేలా కాలిస్తే ఎందుకు లాగదు? ఇవి భౌతిక శాస్త్రం ప్రశ్నలు. ఇనుము ఇనుముగానే ఉంది, లోపలి పరమాణువుల అయస్కాంత వరస చెదిరిందంతే.

మేకు తుప్పు పట్టిందంటే మాత్రం కొత్త పదార్థం పుట్టినట్టే. అది రసాయన శాస్త్రం. తుప్పుకు గాలి, నీరు రెండూ కావాలని మూడు పరీక్షనాళికలతో చూడొచ్చు. మొదటిదాంట్లో మేకు సగం మునిగేలా మామూలు నీళ్లు పోసి మూత లేకుండా వదిలేయండి. రెండోదాంట్లో బాగా మరిగించిన నీళ్లు మేకు పూర్తిగా మునిగేలా పోసి, పైన నూనె పొర వేయండి. మూడోదాంట్లో తేమను పీల్చే అనార్ద్ర కాల్షియం క్లోరైడ్ వేసి బిరడా బిగించండి. కొద్ది రోజులకు మొదటి మేకే తుప్పు పడుతుంది. రెండోది కూడా పట్టిందంటే, మరిగించిన నీళ్లను చల్లారేదాకా తెరిచి ఉంచారన్నమాట; ఆ లోపు గాలిలోని ఆక్సిజన్ మళ్లీ కరిగిపోతుంది. మూడింటిలో దేనికీ పట్టలేదా? మేకులకు జింకు పూత ఉందేమో చూడండి. నూనె మరకలున్నా అంతే, ముందే గరుకు కాగితంతో రుద్దాలి.

రక్తంలోనూ ఇనుముంది. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుము పరమాణువులుంటాయి. ఇక్కడి ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకోవడమే కాదు, అవసరమైన చోట వదిలేస్తుంది కూడా. ఆ పట్టు ఎలాంటిదో చెప్పేది జీవరసాయన శాస్త్రం. ఇనుము తగ్గితే ఒంటికి ఏమవుతుందో చెప్పేది శరీరధర్మ శాస్త్రం. రెండూ జీవశాస్త్రం కొమ్మలే. జీవశాస్త్రమంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం అని రెండు ముక్కల్లో తేల్చేయడం పాత అలవాటు. బాక్టీరియాకూ శిలీంధ్రాలకూ అందులో సరైన చోటు లేదు. 1969లో జీవశాస్త్రవేత్త విట్టేకర్ జీవుల్ని ఐదు రాజ్యాలుగా (అన్నిటికన్నా పెద్ద వర్గాలుగా) విడదీసినప్పుడు శిలీంధ్రాలకు వేరే రాజ్యమే ఇచ్చాడు.

కాళ్ల కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతు నుంచి భూమి కేంద్రందాకా ఎక్కువగా ఉన్నది ఇనుమే. అంత లోతుకు ఎవరూ తవ్వలేదు. భూకంప తరంగాల్లో ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. ఆ లోతులో అవి ఆగిపోవడాన్ని బట్టే బయటి కేంద్రభాగం ద్రవమని తేల్చారు. దాని లోపల మరో కేంద్రభాగం ఉందని 1936లో డెన్మార్క్ భూకంప శాస్త్రవేత్త ఇంగే లేమన్ గుర్తించింది కూడా భూకంప తరంగాల తీరు చూసే. ఇది భూవిజ్ఞానం.

ఆ ఇనుము అసలెక్కడిది? నక్షత్రాల్లో తయారైంది. భారీ నక్షత్రం నడిబొడ్డున కేంద్రక సంలీనం, అంటే చిన్న పరమాణు కేంద్రకాలు కలిసి పెద్దవి కావడం, ఇనుము దాకా వచ్చి ఆగిపోతుంది, ఆపైన కలిపితే శక్తి రాదు, ఖర్చవుతుంది. ఇది ఖగోళ శాస్త్రం. జ్యోతిషానికీ దీనికీ సంబంధం లేదు.

గణితాన్ని వీటి సరసన పెట్టకండి. అక్కడ ప్రయోగం ఉండదు, నిరూపణ ఉంటుంది. తర్కశాస్త్రంతో కలిపి దాన్ని రూప శాస్త్రాలు (ఫార్మల్ సైన్సులు) అంటారు. వైద్యం, ఇంజనీరింగ్ అనువర్తిత శాస్త్రాలు. ఆర్థిక, సామాజిక శాస్త్రాలది మనుషుల నడవడి.

గీత ఎక్కడ గీయాలో తెలియక తికమకపడితే అది మీ లోపం కాదు. రూథర్‌ఫర్డ్ పేరు చెప్పగానే భౌతిక శాస్త్రవేత్త అంటాం. 1908లో ఆయనకొచ్చిన నోబెల్ మాత్రం కెమిస్ట్రీలో: ఒక మూలకం విచ్ఛిన్నమై మరో మూలకం అవుతుందని చూపినందుకు.