రెండో వరుసా, ఇరవయ్యో వరుసా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: టీవీలో ఫుట్‌బాల్ అంటే చిన్నప్పట్నుంచి పిచ్చి నాకు, కానీ స్టేడియంకి వెళ్ళడం మాత్రం ఇదే ఫస్ట్ టైమ్. ఎనిమిదేళ్ళ మా బాబు, మోకాళ్ళ నొప్పులున్న మా నాన్నగారు కూడా వస్తున్నారు. బుకింగ్ మ్యాప్‌లో మూడు చోట్ల పక్కపక్క సీట్లు దొరుకుతున్నాయి. సెంటర్ లైన్ దగ్గర రెండో వరుస, అదే స్టాండ్‌లో కాస్త పక్కకి ఇరవయ్యో వరుస, గోల్ పోస్ట్ వెనకాల ఎనిమిదో వరుస. బాబేమో ముందు వరుసే కావాలని ఒకటే గొడవ. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఇరవయ్యో వరుస, ఇంక ఆలోచించకండి. బాబు అలుగుతాడు, అలగనివ్వండి, ఆట మొదలైన పది నిమిషాలకి వాడే మర్చిపోతాడు.

ముందు వరుస మోజు నాకూ ఉండేదండీ. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ రెండో వరుసే కొన్నా. వార్మప్ అయ్యేదాకా స్వర్గమే, బంతిని తన్నితే ఆ దెబ్బ టప్పుమని వినిపిస్తుంది, బూటు కింద గడ్డి లేవడం కూడా కనిపిస్తుంది. ఆట మొదలయ్యాక తెలిసింది అసలు సంగతి, బంతి అవతలి వింగ్‌కి వెళ్ళిందంటే నాకు కనిపించేది కాళ్ళ గుంపొక్కటే. లైన్స్‌మన్ సరిగ్గా నా ముందే నిలబడి జెండా ఎత్తాడు, ఎందుకెత్తాడో పక్కాయన్ని అడిగితే ఆయన నన్నడిగాడు! ఆ రోజు పడ్డ ఒకే ఒక్క గోల్, లైన్ పక్కన వార్మప్ చేస్తున్న సబ్‌స్టిట్యూట్‌ల వీపుల వెనకాల పడిపోయింది.

ఎందుకలా అంటే, పెద్ద మ్యాచ్‌ల మైదానం మామూలుగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన కళ్ళు ఆటగాళ్ళ తలల ఎత్తులోనే ఉంటే ఆ 68 మీటర్లూ ఒకదానికొకటి అతుక్కుపోయినట్టుంటాయి, ఇద్దరు డిఫెండర్ల మధ్య రెండు మీటర్ల సందుందో పది మీటర్లుందో పోల్చుకోలేం. ఫుట్‌బాల్ అంటేనే ఆ సందుల ఆట కదా. టీవీ వాళ్ళు మెయిన్ కెమెరాని సెంటర్ లైన్‌కి ఎదురుగా స్టాండ్‌లో బాగా పైన పెట్టేది ఊరికే కాదు. ముందు వరుస ఒక రకంగా నేల టికెట్టే, కాకపోతే చాలా చోట్ల బాల్కనీ రేటుకి అమ్ముతారు.

అలాగని మరీ ఆకాశంలోకి పోకండి. బంతి అడ్డకొలత సుమారు 22 సెంటీమీటర్లు, దూరం పెరిగే కొద్దీ అది చుక్కైపోతుంది. స్టేడియం డిజైన్ చేసేవాళ్ళ లెక్కలో సీటు నుంచి మైదానం అవతలి మూలకి 150 మీటర్ల లోపుంటే బాగున్నట్టు, 190 దాటకూడదు. బెర్లిన్, రోమ్ ఒలింపిక్ స్టేడియాల్లోలా మధ్యలో రన్నింగ్ ట్రాక్ ఉంటే ఇంకా దూరం, అలాంటి చోట కింది వరుసలు అసలే వద్దు.

గోల్ వెనకాల ఊపుంటుంది, కాదన్ను. జర్మనీలో డోర్ట్‌మండ్ క్లబ్ స్టేడియంలో గోల్ వెనకాలుండే సౌత్ స్టాండ్‌లో లీగ్ మ్యాచ్‌కి దాదాపు 25 వేల మంది నిలబడి చూస్తారు, పసుపు జెర్సీల ఆ గోడని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ టీమ్‌కి సెకండాఫ్‌లో, వాళ్ళ వీరాభిమానులు గోల్ వెనకాల కూర్చునే కాప్ స్టాండ్ వైపు దాడి చెయ్యడం అలవాటు, టాస్ గెలిచిన అవతలి కెప్టెన్ కావాలని వైపులు మార్చేస్తే తప్ప. కానీ మీ సంగతి వేరు. అవతలి గోల్ వంద మీటర్ల పైన ఉంటుంది, పైగా అక్కడ ముందున్నవాళ్ళు లేచి నిలబడితే ఎనిమిదేళ్ళ పిల్లాడికి కనిపించేది జెర్సీల మీద నంబర్లే.

ఇక నాన్నగారు. ఇరవయ్యో వరుసంటే మెట్లెక్కలేరేమో అని కంగారు పడకండి, చాలా స్టేడియాల్లో లోపలికొచ్చే దారి స్టాండ్ మధ్యలోనే తెరుచుకుంటుంది, అక్కణ్ణుంచి మీ వరుసకి ఎన్ని మెట్లో మ్యాప్‌లో చూసుకోండి. ఆయన్ని నడవ పక్క సీట్లో, బాబుని మీ ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టండి. ఆ దారి పక్కనుండే రెయిలింగ్ మాత్రం పిల్లాడి కంటికి సరిగ్గా అడ్డొస్తుంది, దానికి ఆనుకున్న సీట్లు వద్దు.

ప్రశ్న: సాయంత్రం మ్యాచ్, తూర్పు స్టాండా పడమర స్టాండా?

జవాబు: పడమర. చాలా మైదానాలు ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, కాబట్టి తూర్పున కూర్చుంటే దిగే సూర్యుడు సూటిగా మొహం మీదే, ఫస్టాఫ్ అంతా నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. పైకప్పుంది కదా అని వాన గురించి ధైర్యంగా ఉండకండి, గాలి కొడితే ముందు వరుసలు తడవాల్సిందే.

ప్రశ్న: రిస్ట్రిక్టెడ్ వ్యూ సీటు తక్కువకొస్తోంది, తీసుకోవచ్చా?

జవాబు: ఏం అడ్డొస్తోందో ముందు కనుక్కోండి. రెయిలింగ్ అయితే కాస్త పక్కకి వంగితే సరిపోతుంది, కార్నర్ ఫ్లాగ్ ఒక్కటే కనపడకపోతే కళ్ళు మూసుకుని కొనెయ్యండి. పాత స్టేడియాల్లో కప్పుని మోసే స్తంభాలుంటాయి, ఆ స్తంభం మీకూ పెనాల్టీ బాక్స్‌కీ మధ్యలో ఉందనుకోండి, ఆ సీటు ఫ్రీగా ఇచ్చినా నేనైతే వెళ్ళను.