పాత మిలిటరీ రైఫిలు గురి తప్పుతోందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు): గ్రీన్ కార్డు వచ్చాక ముచ్చటపడి రష్యన్ మోసిన్ నాగాంత్ 91/30 ఒకటి కొన్నానండి, ఇజెవ్స్క్ ఫ్యాక్టరీ ముద్ర, 1939 అని ఉంది. 100 గజాల్లో బెంచి మీద ఆనించి కాల్చినా బుల్లెట్లు బుల్‌కి (టార్గెట్ నడిమి చుక్కకి) 8 అంగుళాలు పైన పడుతున్నాయి, పోనీ పడ్డవైనా ఒకచోట పడుతున్నాయా అంటే అదీ లేదు, 6 అంగుళాల మేర చెదిరిపోతున్నాయి. బ్యారెల్ అరిగిపోయింది అమ్మేయ్ అని రేంజిలో అందరూ అంటున్నారు. కర్ర (బ్యారెల్ కూర్చునే చెక్క స్టాక్) కోయించి స్కోప్ పెట్టిస్తే బాగుపడుతుందా?

జవాబు: కొయ్యకండి, ప్లీజ్. ముందు ఇది చదవండి, ఆ తర్వాత మీ ఇష్టం.

మీవి రెండు వేరువేరు సమస్యలు, రెండిటినీ కలిపేసి బ్యారెల్ మీదకి తోసేస్తున్నారు. పైన పడటం ఒకటి, చెదరడం ఇంకొకటి. పైన పడటానికీ బ్యారెల్ అరుగుదలకీ సంబంధమే లేదు. 91/30 సైట్లు (గురి చూసే గుర్తులు) సరిచేసింది బయొనెట్ (మూతికి బిగించే బాకు) తగిలించి ఉండగా, ఎందుకంటే ఆ సైనికుడు బయొనెట్‌తోనే కాల్చాలి. మీరేమో బయొనెట్ తీసేసి కాలుస్తున్నారు, ఆ బరువు మూతి దగ్గర లేకపోతే బ్యారెల్ అదిరే తీరే మారిపోతుంది, బుల్లెట్ వేరే చోట పడుతుంది. ఇంకోటి, అది యుద్ధానికి చేసిన రైఫిలు, కాయితం టార్గెట్ మీద 100 గజాల్లో అంగుళాలు లెక్కపెట్టుకోవడానికి చేసింది కాదు, అందుకే చాలా మోసిన్లు దగ్గర దూరంలో పైకి కొడతాయి.

దీనికి మందు చాలా చవక. ఫ్రంట్ సైటు ఎత్తు పెరిగితే బుల్లెట్ కిందికి దిగుతుంది. 91/30కి రెండు సైట్ల మధ్య దూరం సుమారు 62 సెంటీమీటర్లు, ఆ లెక్కన ఫ్రంట్ సైటు 1 మిల్లీమీటరు పెంచితే 100 గజాల్లో బుల్లెట్ దాదాపు 15 సెంటీమీటర్లు, అంటే 6 అంగుళాలు దిగుతుంది. మీకు 8 అంగుళాలు కావాలి కాబట్టి మిల్లీమీటరున్నర కంటే కాస్త తక్కువ సరిపోతుంది. కరెంటు వైరు పైనుండే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, సన్నది చూసి చిన్న ముక్క కోసి ఫ్రంట్ సైటు పుల్ల మీద తొడగండి, మొదట కావాలనే పొడుగ్గా ఉంచి బుల్లెట్లు కింద పడేలా చేసుకుని, బ్లేడుతో పిసరంత పిసరంత కోస్తూ కాలుస్తూ పైకి తెచ్చుకోండి. రైఫిలుకి గీత కూడా పడదు, వద్దనుకుంటే లాగేయొచ్చు. కుడిఎడమల తేడా ఉంటే ఫ్రంట్ సైటుని దాని గాడిలో పక్కకి జరపాలి, బుల్లెట్ ఎటు పోతుంటే సైటుని అటే జరపాలి, చాలామంది రివర్సులో జరిపి రెట్టింపు తప్పు తెచ్చుకుంటారు.

ఇక చెదరడం. ఇక్కడ మొదటి అనుమానం బ్యారెల్ మీద కాదు, రౌండ్ల (తూటాల) మీద పెట్టుకోండి. అమెరికాలో 30 క్యాలిబర్ అంటే బుల్లెట్ 0.308 అంగుళాలు, మోసిన్ బ్యారెల్లో గాళ్ల (బుల్లెట్‌ని గిరగిరా తిప్పే లోపలి మురి గీతల) లోతు వరకూ కొలిస్తే చాలావాటికి 0.311 పైనే, కొన్నిటికి 0.313 కూడా వస్తుంది. తేడా ఎంత, ఒక వెంట్రుక మందం, కానీ ఆ వెంట్రుక మందమే బుల్లెట్ గాళ్లని సరిగ్గా పట్టుకోకుండా చేస్తుంది. మీరు వాడే రౌండ్లలో బుల్లెట్ సైజు ఎంతో చూడండి, 0.308 అయితే 0.311 బుల్లెట్ ఉన్న డబ్బా ఒకటి తెచ్చి పోల్చి చూడండి. మీ బ్యారెల్ సైజు ఖచ్చితంగా తెలియాలంటే మెత్తటి సీసం ముక్కకి నూనె రాసి బ్యారెల్ గుండా నెట్టి, బయటికొచ్చాక మైక్రోమీటరుతో కొలవాలి, తెలిసిన గన్‌స్మిత్‌తో చేయించుకోవడం మేలు.

రెండోది బ్యారెల్ మూతి. ఈ రైఫిళ్లని ఎన్నో ఏళ్లు మూతి వైపు నుంచి ఇనుప కడ్డీతో తుడిచారు, ఆ కడ్డీ రాసుకుని రాసుకుని మూతి దగ్గర గాళ్లు అరుగుతాయి, లోపలంతా అద్దంలా మెరుస్తున్నా సరే. బుల్లెట్ చివరగా వదిలేది మూతినే, అక్కడ ఒక పక్క అరిగితే వెనక నుంచి గ్యాస్ ఒక వైపు ముందు తోస్తుంది, బుల్లెట్ పక్కకి తూలుతుంది. బోల్ట్ (రౌండుని లోపలికి తోసి మూసే వెనక కడ్డీ) తీసి పక్కన పెట్టేసి, మందు లేని డమ్మీ రౌండు బుల్లెట్ వైపు మూతిలో దూర్చి చూడండి, ఇత్తడి గొట్టం మూతికి తగిలేదాకా దిగిపోయిందంటే అరిగినట్టే, కొంత బుల్లెట్ బయటే ఆగిందంటే మీ బ్యారెల్ మీద వేసిన నింద అబద్ధం. అరిగినా భయం లేదు, సోవియట్ ఆర్సెనల్స్‌లోనే మూతిని లోపలికి కొంత మేర తొలిచి మళ్లీ సమం చేసిన మోసిన్లు బోలెడు ఉన్నాయి, అవి చక్కగా కొడతాయి.

మూడోది కర్ర, స్క్రూలు. ఎనభై ఏళ్లకి పైబడ్డ కర్ర ఎండి కుంచించుకుపోతుంది, బోల్ట్ కూర్చునే ఇనుప భాగమైన యాక్షన్‌ని పట్టి ఉంచే ముందు స్క్రూ, వెనక స్క్రూ వదులైపోతాయి, ఒక్కో షాటుకి యాక్షన్ కర్రలో ఒక్కో చోట కూర్చుంటుంది. ఫిన్లాండ్ వాళ్లు ఇదే మోసిన్ యాక్షన్ తీసుకుని, మంచి బ్యారెల్, మంచి సైట్లు పెట్టి, కర్రలో కూర్చోబెట్టే పని శ్రద్ధగా చేశారు. 1939-40 చలికాలం యుద్ధంలో ఫిన్లాండ్ స్నైపర్ సిమో హైహా వాడిన ఎం/28-30 అలాంటిదే, దానికి స్కోప్ లేదు. మీరు స్కోప్ అడిగారు కాబట్టే ఇది చెప్తున్నా. పైగా ఓహాయోలో క్యాంప్ పెర్రీలో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ వాళ్లు పెట్టే పాత మిలిటరీ రైఫిళ్ల మ్యాచ్‌లు ఉన్నాయి, కర్ర కోసి స్కోప్ ఎక్కించిన రైఫిలుకి అక్కడ చోటుండదు.

మూడు షాట్లు కొట్టి గ్రూప్ (షాట్లు చెదిరిన మేర) కొలవకండి, పది కొట్టండి. మూడు షాట్లలో ఏ రైఫిలైనా అదృష్టం కొద్దీ బాగుందనిపిస్తుంది, అదే అదృష్టం తిరగబడితే మంచి రైఫిలు చెత్తలా కనిపిస్తుంది. సరైన రౌండ్లతో 100 గజాల్లో పది షాట్లు 4 అంగుళాల లోపు వస్తే ఆరోగ్యంగా ఉన్న 91/30 అనే నా లెక్క.

ఒక హెచ్చరిక. సైన్యం అమ్మేసిన పాత సర్‌ప్లస్ రౌండ్లు వాడుతుంటే వాటి ప్రైమర్ (మందుని అంటించే చిన్న బిళ్ల) నుంచి వచ్చే ఉప్పు బ్యారెల్లో ఉండిపోయి తేమ లాగి తుప్పు పట్టిస్తుంది, నూనెతో తుడిస్తే అది పోదు, నీళ్లకే కరుగుతుంది. ఇంటికొచ్చిన రోజే వేడినీళ్లు పోసి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయండి. మోసిన్ బోల్ట్ తేలిగ్గా ఊడొస్తుంది కాబట్టి వెనక నుంచే తుడవండి.

ప్రశ్న (న్యూజెర్సీ): నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఫ్రెండుది బ్రిటిష్ పాత మిలిటరీ రైఫిలు లీ ఎన్‌ఫీల్డ్ ఉంది, రేంజికెళ్లి కాసేపు కాలుస్తే తప్పేముంది?

జవాబు: తప్పుంది, పెద్ద తప్పే. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ రౌండ్లు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం, కొనడమే కాదు, రేంజిలో చేతిలోకి తీసుకోవడం కూడా ఇందులో పడొచ్చు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో లాయరుని అడిగి తెలుసుకోండి. ఒక సాయంత్రం సరదా కోసం వీసా మీదకి తెచ్చుకోకండి.

ప్రశ్న (మెల్‌బోర్న్): నాది లిత్‌గో ఫ్యాక్టరీ త్రీ నాట్ త్రీ. మొదటి నాలుగైదు షాట్లు బంగారం, ఆ తర్వాత వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే పైకి పాకుతున్నాయి. బ్యారెల్ మార్చాలా?

జవాబు: వేడెక్కాక ఒకే దిక్కుకి వరసగా పాకుతున్నాయంటే, నా అంచనా, కర్ర ఎక్కడో బ్యారెల్‌ని నెడుతోంది. చెదరడం వేరు, పాకడం వేరు. ఎస్ఎంఎల్ఈ (మీ త్రీ నాట్ త్రీ, లీ ఎన్‌ఫీల్డ్‌లో ఒక రకం) చాలా సున్నితమైన కట్టడం అండి, సన్నటి బ్యారెల్, దాని చుట్టూ మూతి దాకా కర్ర, ముందు కర్రలో స్ప్రింగు మీద నిలబడ్డ చిన్న మేకు బ్యారెల్‌ని పైకి ఎత్తి పట్టుకోవాలి. ఆ స్ప్రింగు ఉందా, కదులుతోందా చూడండి, చాలా రైఫిళ్లలో గ్రీజు గడ్డకట్టి బిగుసుకుపోయి ఉంటుంది, కొన్నిట్లో అసలు లేనే ఉండదు.

తర్వాత ముందు కర్ర విప్పి, యాక్షన్ వెనక్కి తన్నినప్పుడు ఆనుకునే రెండు చోట్లు చూడండి. లిత్‌గో వాళ్లు ఆస్ట్రేలియా కోచ్‌వుడ్ వాడినప్పుడు ఆ కర్ర మెత్తనని అక్కడ చిన్న రాగి రేకులు పెట్టారు. ఆ రేకులు నలిగినా, కర్ర నొక్కుకుపోయినా యాక్షన్ ప్రతి షాటుకీ కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతుంది, అలాగే కాలుస్తూ పోతే కర్ర వెనక చివర పగులుతుంది. బ్యారెల్‌కి ఎక్కడైనా మెరిసే మచ్చలు కనిపిస్తే అక్కడ కర్ర రుద్దుతున్నట్టు. కానీ ఉప్పు కాగితం పట్టుకుని గీకేయకండి, ఒకసారి పోయిన కర్ర తిరిగి రాదు, ఈ రైఫిలు తెలిసిన ఆర్మరర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న (కాకినాడ): కాలేజీలో ఎన్‌సీసీలో ఉండగా త్రీ నాట్ త్రీ పట్టుకున్నాను, ఆ పుల్‌త్రూ, చిందీ (బ్యారెల్ తుడిచే తాడు, గుడ్డ) వాసన ఇంకా గుర్తుంది. మన దగ్గర లైసెన్సు మీద కొనుక్కోవచ్చా?

జవాబు: కుదరదండి. మన ఆయుధాల చట్టం ప్రకారం త్రీ నాట్ త్రీ ప్రొహిబిటెడ్ బోర్ (నిషేధించిన గొట్టం సైజు), మామూలు పౌరులకి లైసెన్సు రాదు. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారై, సర్‌ప్లస్‌గా అమెరికా వెళ్లిన మన రైఫిళ్లని అక్కడివాళ్లు కొనుక్కుని కాలుస్తున్నారు, మనకి ఆ వీలు లేదు, నాకూ బాధే. (అమెరికాలో ఉన్న మీ బంధువులకి ఒక మాట చెప్పండి, ఇషాపూర్ 2ఏ1 చూడ్డానికి త్రీ నాట్ త్రీలాగే ఉంటుంది గానీ అది 7.62 నాటో రౌండుకి చేసింది, పేరు చూసుకుని రౌండ్లు కొనాలి.) గురి మీద మీ ప్రేమ నిజమైతే ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టండి, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న .177 ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. శ్వాస, ట్రిగ్గర్ మీద వేలు, షాటు తర్వాత కదలకుండా ఉండటం, అన్నీ అక్కడే వస్తాయి.

ప్రశ్న (చికాగో): నాకు 56 ఏళ్లు, సిటిజన్‌ని. గురి బాగా ఉండే పాత రైఫిలు ఒక్కటే కొనాలంటే ఏది? ఇంకోటి, ఫ్రంట్ సైటు మసకగా కనిపిస్తోంది.

జవాబు: నన్నడిగితే స్విస్ కే31. 1933 నుంచి 1958 దాకా చేశారు, బోల్ట్‌ని తిప్పక్కర్లేదు, నేరుగా వెనక్కి లాగి ముందుకి తోస్తే చాలు, ట్రిగ్గర్ రెండు మెట్లుగా శుభ్రంగా తెగుతుంది. 300 మీటర్లలో కాయితం టార్గెట్ కొట్టడం ఆ దేశంలో ఊరూరా ఉన్న అలవాటు, ఆ పట్టింపు రైఫిలులో కనిపిస్తుంది. వాళ్ల జీపీ11 రౌండ్లు దొరికితే 100 గజాల్లో 2 అంగుళాల గ్రూప్ ఆశించొచ్చు. రెండోది స్వీడిష్ మౌజర్ ఎం96, 6.5×55 రౌండు, భుజం మీద తన్ను తక్కువ, మీ వయసుకి అది మంచి సుఖం. కాకపోతే దాని సైటులో అన్నిటికన్నా తక్కువ సెట్టింగే 300 మీటర్లు, 100లో పైకి కొడుతుంది, ఫ్రిస్కో పాఠకుడికి చెప్పిన పద్ధతే, పొడుగు ఫ్రంట్ సైటు వేయించుకోండి.

కళ్ల సంగతికొస్తే, కన్ను ఒకేసారి వెనక సైటు, ముందు సైటు, టార్గెట్ మూడిటినీ స్పష్టంగా చూడలేదు, చూడక్కర్లేదు కూడా. ఫ్రంట్ సైటు ఒక్కటి పదునుగా కనిపిస్తే చాలు, టార్గెట్ మసకగా ఉండనివ్వండి. ప్రోగ్రెసివ్ అద్దాలు మాత్రం వద్దు, కర్రకి చెంప ఆనించినప్పుడు అద్దంలో ఏ భాగం నుంచి చూస్తున్నారో ప్రతిసారీ మారిపోతుంది. కళ్లడాక్టరుకి కంటి నుంచి ఫ్రంట్ సైటు దాకా ఎంత దూరమో టేపుతో కొలిచి చెప్పండి, మీ దూరపు చూపు నంబరుకి అర నుంచి ముప్పావు ప్లస్ కలిపి ఒకే నంబరు అద్దం చేయించుకుంటే చాలామందికి సరిపోతుంది. చిన్న బెజ్జంలోంచి చూసే వెనక సైటు ఉన్న లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 కూడా ఒకసారి పట్టి చూడండి, ఆ బెజ్జం వల్లే మసక సగం తగ్గుతుంది. రంగు పోయి మెరుస్తున్న ఫ్రంట్ సైటు అయితే ఎండ పడిన వైపే కన్ను లాక్కుపోతుంది, ఖాళీ రైఫిలు బోల్ట్ తీసి ఉంచి, కొవ్వొత్తి మసి పట్టించుకుని రేంజికి వెళ్లండి.