గీత మొదలుపెట్టావటగా!

చిరంజీవి చిన్నాకి మేనత్త ఆశీస్సులు.

మనశ్శాంతి కోసం రోజూ పొద్దున్నే గీత చదువుతానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొంగిపోయాను. ఇంత చిన్న వయసులో వీడికి అంత అశాంతేమొచ్చిందిరా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు కూడా.

తాత్పర్యం ఉన్న పుస్తకం కొనుక్కో. 700 శ్లోకాలూ ఒక్క ఊపున లాగించెయ్యకు. 12వ అధ్యాయం 20 శ్లోకాలే, అక్కణ్ణుంచి మొదలెట్టు. ఘంటసాల గారి గీత గట్టిగా పెట్టకు, ఎవరు పోయారోనని ఇరుగుపొరుగు తొంగిచూస్తారు. మనసు నిలవకపోతే కంగారుపడకు, దాన్ని పట్టడం గాలిని పట్టడమంత కష్టమని 6వ అధ్యాయంలో అర్జునుడంతటివాడే మొత్తుకున్నాడు. ఉపవాసాల జోలికి వెళ్లకు. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని అక్కడే ఉంది. వైరాగ్యం పేరు చెప్పి, కోడలుపిల్ల పాలప్యాకెట్ తెమ్మంటే కళ్లు మూసుక్కూర్చున్నావో, నేనే బస్సెక్కి వస్తాను.

నా భయమల్లా వేరు. మీ మావయ్య పోయిననాడు నువ్వు బాగా చిన్నవాడివి. ఆయన్నింకా వసారాలోనే పడుకోబెట్టి ఉంచారు. గీతంతా కంఠతా వచ్చిన బంధువొకాయన నా పక్కకి కుర్చీ లాక్కుని "జాతస్య హి ధ్రువో మృత్యుః" అని అందుకున్నాడు. పుట్టినవాడికి చావు తప్పదు, ఏడవకూడదట. ఒక్క అక్షరం తప్పు పోలేదు. మధ్యమధ్యలో తలెత్తి, వచ్చినవాళ్లు వింటున్నారో లేదో చూసుకుంటున్నాడు. నాకు గొంతెండిపోతోంది. మీ అమ్మ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, తాగేదాకా తనే పట్టుకుని, ఏమీ అనకుండా పక్కన కూలబడింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి గీత ముట్టుకోలేదురా నేను.

మళ్లీ తెరిచాక చూశాను కదా, కృష్ణుడు ఆ శ్లోకం చెప్పింది అర్జునుడు "నీ శిష్యుణ్ణి, నాకు ఏది మంచిదో చెప్పు" అని అడిగాకే. అంతకుముందు చేసింది మందలింపే. వినాలని లేనివాడికి ఇది చెప్పొద్దని 18వ అధ్యాయంలో తేల్చేశాడు. అర్జునుడికైనా, అంతా చెప్పి, బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమన్నాడు.

నీకు మీ తాత నోరొచ్చింది. తెలిసింది చెప్పకపోతే అన్నం అరగదు. మీ నాన్నతో మాటామాటా పెరిగినప్పుడు శ్లోకం తియ్యకు. కోడలుపిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటే పుస్తకం మూసి దాని దగ్గర కూర్చో, పారాయణ రేపు చేసుకోవచ్చు.

సంక్రాంతికి ఇద్దరూ రండి. నా కళ్లద్దాలు పనికిరాకుండా పోయాయి, 12వ అధ్యాయం నువ్వే పైకి చదవాలి. ఈసారి నేనే అడుగుతున్నానుగా.