కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళబోతున్న మా బుజ్జికి

బుజ్జీ,

మొన్న రాత్రి మూడింటికి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే చూశాను. "పెద్దమ్మా, తెల్లారుతోందంటేనే భయంగా ఉంది, ఎవరికీ చెప్పకు" అన్నావు. మీ అమ్మకు చెప్పలేదు. నువ్వు చెప్పమనేదాకా చెప్పను. ఫోన్‌లో నువ్వు ఊఁ కొట్టడం తప్ప మాట్లాడలేకపోయావు కాబట్టి ఇలా రాస్తున్నాను. అంతా ఒక్కసారే చదవనక్కర్లేదు. ఓపిక ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా చదువుకో.

"ధైర్యంగా ఉండు" అని నీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నేను చెప్పేది వేరు. అక్కడ అమెరికాలో మీ యూనివర్సిటీలో కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, మనసు బాగాలేని విద్యార్థులు వెళ్ళి మాట్లాడే చోటు. ఈ వారంలోనే అక్కడికి వెళ్ళు. ఆ తలుపు అవతల ఏం జరుగుతుందో తెలియక మన పిల్లలు చాలామంది గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చేస్తారు. ఇరవై ఏళ్ళు ఒక యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ ఆఫీసులో పనిచేసినప్పుడు అలాంటివాళ్ళను ఎంతోమందిని చూశాను. అంతకుముందు నేనూ అలాగే తిరిగి వచ్చాను.

నీకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. 1991లో నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. బాపట్ల నుంచి అమెరికా వచ్చినదాన్ని, మంచు చూడటం అప్పుడే. నా పరిశోధన చూడాల్సిన అడ్వైజర్ నెలల తరబడి కలిసేవాడు కాదు. కలిసిన రోజున నేను రాసింది రెండు పేజీలు తిప్పి పక్కన పడేసేవాడు. నవంబరు వచ్చేసరికి ల్యాబ్‌కు వెళ్ళడం మానేశాను. పగలంతా పడుకునేదాన్ని, రాత్రంతా గోడ వంక చూస్తూ కూర్చునేదాన్ని. ఇంటికి రాసే ఉత్తరంలో మాత్రం "ఇక్కడ నేను క్షేమం" అనే మొదలుపెట్టేదాన్ని. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు ఏదో ఫారం మీద ముద్ర కోసం డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు వెళితే, అక్కడ పనిచేసే ఒకావిడ నా మొహం చూసి ఏమీ అడగలేదు. లేచి కోటు వేసుకుని నన్ను కౌన్సెలింగ్ సెంటర్ దాకా నడిపించుకుని వెళ్ళింది. అక్కడికి రెండు వీధుల దూరమే. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. నీకు అలా జరగకూడదు.

ముందు ఫోన్ సంగతి. అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే అటువాళ్ళు "ఏమిటి ఇబ్బంది?" అని అడుగుతారు. మనకు పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఉన్న బాధ తగ్గించి చెప్పే అలవాటు. "ఏం లేదండీ, కొంచెం టెన్షన్" అంటావు నువ్వు. అలా అనకు. నువ్వు చెప్పే మాటను బట్టే నిన్ను ఎంత తొందరగా చూడాలో వాళ్ళు నిర్ణయిస్తారు. "మూడు వారాలుగా నిద్ర లేదు, రోజుకు ఒక్కపూట కూడా సరిగా తినడం లేదు, క్లాసులకు వెళ్ళలేకపోతున్నాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. నోటితో రాకపోతే కాగితం మీద రాసుకుని చూసి చదువు. రెండు మూడు వారాల తర్వాతి తేదీ ఇస్తే సరే అని పెట్టేయకు. ఎవరైనా రాకపోతే ఆ టైమ్ నాకివ్వండి అని అడుగు, అదే రోజు చూసే వీలుందా అని కూడా అడుగు. చాలా క్యాంపస్‌లలో అలాంటి ఏర్పాటు ఉంటుంది, అడిగితేనే చెబుతారు.

వెళ్ళగానే కాగితాలు ఇస్తారు, లేదా కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. వాటిలో పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలది ఒకటి, జీఏడీ-7 అని ఏడు ప్రశ్నలది ఇంకొకటి ఉండొచ్చు. మొదటిది దిగులు గురించి, రెండోది ఆందోళన గురించి. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించిందో చూసుకుని సున్నా నుంచి మూడు దాకా వేయాలి. పరీక్ష కాదు కాబట్టి మంచి మార్కులు తెచ్చుకోవాలని చూడకు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. నీకు అలాంటి ఆలోచన వచ్చి ఉంటే నిజం రాయి. రాయగానే పోలీసులు రారు, ఇండియాకు ఫోన్ వెళ్ళదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఇంకొన్ని ప్రశ్నలు వేసి, ఆ ఆలోచన వచ్చినప్పుడు ఏం చేయాలో నీతో కలిసి రాసి పెడుతుంది. అపాయింట్‌మెంట్ దాకా ఆగలేని రాత్రి వస్తే 988 అనే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, మెసేజ్ అయినా పెట్టవచ్చు. 2022 జులై నుంచి అమెరికా అంతటా అదే నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ తర్వాత నాకు చెయ్యి. ఏ టైమైనా సరే.

నువ్వు చెప్పింది బయటికి పోతుందేమోనని నీ భయం. నీ సంతకం లేకుండా నీ డిపార్ట్‌మెంట్‌కు గానీ, మీ నాన్నకు గానీ, వీసా ఆఫీసుకు గానీ కౌన్సెలర్ చెప్పకూడదు. దీనికి మినహాయింపులు కొన్ని ఉన్నాయి: నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో అప్పటికప్పుడు ప్రమాదం ఉన్నప్పుడు, పిల్లలను హింసిస్తున్నారని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. మొదటిరోజు సంతకం పెట్టే కాగితంలో అవి రాసి ఉంటాయి. చదివి పెట్టు, అర్థం కానిది అడుగు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన కష్టం చెబుతాను. "నీకు ఎలా అనిపిస్తోంది?" అని అప్పట్లో నా కౌన్సెలర్ ఇంగ్లిష్‌లో అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. నాకు వచ్చిన ఇంగ్లిష్ అంతా పాఠాల ఇంగ్లిష్. నాకున్నది బెంగ. దాన్ని ఏమనాలి? ఇంటిమీద బెంగ ఒకటి, గుబులు ఒకటి, దిగులు ఇంకొకటి. మూడింటికీ కలిపి నేను విచారం అన్న ఒక్క ఇంగ్లిష్ మాట చెప్పాను. ఆవిడ అదే రాసుకుంది. నాలుగోసారి వెళ్ళినప్పుడు విసుగొచ్చి తెలుగులోనే "బెంగగా ఉంది" అనేశాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "ఆ మాటకు అర్థం చెప్పు" అంది. చిన్నపిల్లలు అమ్మ కనబడక తిండి మానేసి చిక్కిపోతే మా ఊళ్ళో బెంగ పెట్టుకున్నారంటారని చెప్పాను. ఆ రోజు నుంచే మా మాటలు దారిన పడ్డాయి. నువ్వూ అంతే చెయ్యి. ముందు తెలుగు మాట అనెయ్యి, తర్వాత అది ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో చెప్పు. గొంతులో అడ్డం పడినట్టుందా, గుండె దడగా ఉందా, అన్నం ముద్ద దిగడం లేదా, అదంతా చెప్పు.

ఇంకో సంగతి. మనకు సలహా అంటే పెద్దవాళ్ళు "ఇలా చెయ్యి" అని చెప్పడం. కౌన్సెలర్ అలా చెప్పదు, ప్రశ్నలే అడుగుతుంది. యాభై నిమిషాలు అయ్యాక, ఈవిడ నాకేం చెప్పిందని నీకు కోపం కూడా రావచ్చు. అప్పుడు "ఈ వారం నేను చేయడానికి ఒక్క పని చెప్పండి" అని అడుగు. చెబుతుంది. అలాగే మీ అమ్మానాన్నల మాట వస్తే "వాళ్ళకూ నీకూ మధ్య ఒక గీత గీసుకో" అనవచ్చు. నువ్వు నొచ్చుకోకు. ఆవిడకు మన ఇళ్ళ సంగతి తెలియదు. మీ నాన్న ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు అప్పు తెచ్చాడనీ, మొదటి సెమిస్టర్‌లో నీకు గ్రేడ్లు తగ్గినప్పటి నుంచి ఫోన్ మోగితే నీకు చెమటలు పడుతున్నాయనీ చెప్పు. ఆ అప్పు గురించి చెప్పకుండా నీ బాధ గురించి చెప్పడం కుదరదు. మూడుసార్లు వెళ్ళినా ఆవిడతో కుదరలేదనిపిస్తే వేరే కౌన్సెలర్‌ను అడుగు. అక్కడ ఎవరూ తప్పు పట్టరు.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. "ఒక సబ్జెక్ట్ వదిలేద్దామనుకుంటున్నా" అన్నావు. నీ అంతట నువ్వు వదిలేయకు. నువ్వు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు, క్రెడిట్లు, అంటే తీసుకున్న సబ్జెక్టుల లెక్క, పూర్తిస్థాయి కంటే తగ్గితే నీ వీసా స్టేటస్‌కే ముప్పు. ఆరోగ్యం బాగాలేనివాళ్ళకు నిబంధనల్లోనే దారి ఉంది. ఆరోగ్య కారణంతో క్రెడిట్లు తగ్గించుకోవచ్చు, అవసరమైతే ఆ సెమిస్టర్‌కు అసలు ఏమీ తీసుకోకపోవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలల దాకా వీలుంది. కానీ ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ, అంటే విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి, అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాతే సబ్జెక్ట్ వదలాలి. వరుస తప్పితే సరిచేయడం చాలా కష్టం. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ అనుమతికి నీ ఆరోగ్యం బాగాలేదని ఒక ఉత్తరం కావాలి, దాని మీద డాక్టర్ గానీ లైసెన్సున్న సైకాలజిస్ట్ గానీ సంతకం చేయాలి. క్యాంపస్ కౌన్సెలర్లలో చాలామంది సోషల్ వర్కో కౌన్సెలింగో చదివినవాళ్ళు, వాళ్ళ సంతకం దీనికి పనికిరాదు. కాబట్టి "నాకు ఉత్తరం అవసరమైతే ఎవరు సంతకం చేస్తారు?" అని మొదటిరోజే అడుగు. నేను పనిచేసిన చోట ఒక అబ్బాయి, మన తెలుగువాడే, ముందు సబ్జెక్ట్ వదిలేసి తర్వాత ఉత్తరం పట్టుకొచ్చాడు. అతని కోసం మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది. అది నాకు ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.

చాలా క్యాంపస్‌లలో ఇన్నిసార్లే చూస్తామనే లెక్క ఉంటుంది. తర్వాత బయటివాళ్ళ దగ్గరికి పంపుతారు. అప్పుడు ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, మానసిక చికిత్సకు కవరేజీ ఉందా, ప్రతిసారీ నేను ఎంత కట్టాలి అని అడుగు. యూనివర్సిటీ ప్లాన్ వద్దని బయట చవకది కొన్నావేమో చూసుకో. వాటిలో కొన్నిటికి ఈ కవరేజీ ఉండదు. వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు వేరే రాష్ట్రం వెళ్ళేట్టయితే నెల ముందే కౌన్సెలర్‌కు చెప్పు. చాలామంది లైసెన్సు వాళ్ళు పనిచేసే రాష్ట్రం వరకే ఉంటుంది. వీడియోలో మాట్లాడాల్సి వస్తే నలుగురున్న మీ ఫ్లాట్‌లో కుదరదు. లైబ్రరీలో స్టడీ రూమ్ బుక్ చేసుకో.

మందు వాడమంటే భయపడకు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో ఏం తేడా లేదని మానేయకు, బాగైపోయిందని కూడా నీ అంతట మానేయకు, డాక్టర్‌ను అడిగే తగ్గించుకో.

నీ తోటివాళ్ళందరూ బాగానే ఉన్నారు, నేనే చేతకానివాణ్ణి అని రాశావు. 2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో 26 దేశాల్లోని 2,279 మంది గ్రాడ్యుయేట్ విద్యార్థుల (ఎక్కువమంది పీహెచ్‌డీ వాళ్ళే) మీద ఒక అధ్యయనం వచ్చింది. వారిలో 41 శాతం మందికి ఆందోళన, 39 శాతం మందికి కుంగుబాటు మధ్యస్థం నుంచి తీవ్రం దాకా ఉన్నాయి. బాధపడేవాళ్ళే ఇలాంటి సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు కాబట్టి అసలు లెక్క కొంచెం తక్కువే కావచ్చు. అయినా మీ క్లాసులో నీ పక్కనే ఇంకొకడు ఇలాగే కూర్చుని ఉంటాడు.

రాత్రి రెండింటికి ఇంటికి ఫోన్ చేయడం తగ్గించు. నీకు ఆదివారం పొద్దున అయితే వాళ్ళకు సాయంత్రం, అప్పుడు తీరిగ్గా మాట్లాడు. మీ అమ్మ నీ గొంతు విని నిద్రపోవడం లేదని మొన్న నాతో అంది. తనకు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఇచ్చాను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నీ సంగతి ఏమీ చెప్పలేదు, తన నిద్ర గురించి అడగమన్నాను.

సోమవారం మీ టైమ్ ఎనిమిదిన్నరకు నేను ఫోన్ చేస్తాను. నేను లైన్‌లో ఉండగానే రెండో ఫోన్ నుంచి కౌన్సెలింగ్ సెంటర్‌కు చెయ్యి, నువ్వు మాట్లాడేంతసేపూ నేను వింటూ ఉంటాను. అపాయింట్‌మెంట్ రోజున అయిపోయి బయటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. లోపల ఏం మాట్లాడావో చెప్పనక్కర్లేదు. ఏం తిన్నావో చెప్పు.

మీ పెద్దమ్మ