ట్రాక్టర్ నడిపితే నడుము నొప్పి.. ఆడవాళ్లకే ఎక్కువా?

ప్రశ్న: నా వయసు 34. ఎత్తు 5 అడుగులు, బరువు 48 కిలోలు. రెండేళ్లుగా మా పొలంలో ట్రాక్టర్ నడుపుతున్నాను. మా ఆయన (85 కిలోలు) కూడా అదే బండి నడుపుతారు, ఆయనకేమీ కాదు. నాకు మాత్రం రోటవేటర్ వేసిన రోజు సాయంత్రానికి నడుము పట్టేస్తోంది. ‘ఆడవాళ్ల ఒళ్లు ఆ కుదుపులకు ఆగదు’ అంటారాయన. గర్భసంచి జారుతుందని మా అత్తయ్య భయపెడుతున్నారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు, సూర్యాపేట జిల్లా

జవాబు: మీ ఆయన తప్పు పట్టాల్సింది మీ ఒంటిని కాదమ్మా, సీటుని.

కూర్చున్న మనిషిని కింది నుంచి కుదిపితే శరీరం ఎలా ఊగుతుందో ల్యాబుల్లో ఎన్నో ఏళ్లుగా కొలుస్తున్నారు. సెకనుకు దాదాపు 5 సార్లు వచ్చే కుదుపుకు మన ఒళ్లు అన్నిటికన్నా ఎక్కువగా ఊగుతుంది. ఆడవాళ్లయినా మగవాళ్లయినా అంతే. సీటు మీద పడే బలం మగవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది గానీ, దానికి ముఖ్య కారణం బరువు. ఆ బరువు లెక్క తీసేస్తే మిగిలే తేడా చాలా తక్కువ. యూరప్‌లో 2002లో తెచ్చిన నిబంధన 8 గంటల పనిలో ఒంటికి తగిలే కుదుపు తీవ్రత 0.5 మీ/సె² (కుదుపును కొలిచే ప్రమాణం) దాటితే జాగ్రత్తలు తీసుకోవాలని, 1.15 దాటనే కూడదని చెబుతుంది. అందులోనూ ఆడ, మగ అని వేరే అంకెలు లేవు.

మరి మీకే ఎందుకు నొప్పి? సీటు కింద ఉండే స్ప్రింగు మనిషి బరువును బట్టి పనిచేస్తుంది. 85 కిలోలకు బిగించిన స్ప్రింగు 48 కిలోల మనిషి కూర్చుంటే సరిగా దిగదు. గుంతలో పడ్డ దెబ్బ నేరుగా వెన్నుకే వస్తుంది. చాలా ట్రాక్టర్లలో సీటు ముందో పక్కనో బరువు సర్దుకునే పిడి ఉంటుంది, కొన్నిటికి కిలోల గుర్తులు కూడా ఉంటాయి. ఎక్కగానే దాన్ని మీ బరువుకు తిప్పుకోండి. మీరు కూర్చున్నాక సీటు సగం వరకు దిగితే సరిపోయినట్టే. ఆయన ఎక్కినప్పుడు మళ్లీ ఆయన బరువుకు మార్చాలి, లేదంటే సీటు అడుగుకు కొట్టుకుని ఆయన నడుమూ పోతుంది! పిడి తుప్పు పట్టి తిరగకపోతే మెకానిక్‌కి చూపించండి.

రెండోది ఎత్తు. 5 అడుగుల మనిషికి క్లచ్ అందాలంటే సీటు అంచుకు జరగాల్సి వస్తుంది, వీపుకు ఆనుడు పోతుంది. సీటును పట్టాల మీద ముందుకు జరుపుకోండి. దళసరి స్పాంజి దిండో, మడత పెట్టిన గోనెసంచో వేసుకుంటే సుఖంగా ఉంటుందనుకుంటాం గానీ మెత్తటి స్పాంజి కుదుపును పెంచే వీలుంది, పైగా కాళ్లు ఇంకా అందవు. మాటిమాటికీ వెనక్కి తిరిగి రోటవేటర్ వైపు చూడటం కూడా నడుముకు చేటే. ఒక అద్దం బిగించుకుంటే ఆ తిప్పలు చాలావరకు తగ్గుతాయి. గట్లు దాటేటప్పుడు, ఖాళీ ట్రాలీతో రోడ్డెక్కినప్పుడు వేగం తగ్గించండి. గంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి. దిగీ దిగగానే ఎరువుల బస్తా మాత్రం ఎత్తొద్దు.

గర్భసంచి సంగతి: అది జారడానికి ప్రధాన కారణాలు కాన్పులు, వయసు, ఏళ్లకొద్దీ బరువులెత్తడం, తగ్గని దగ్గు, మలబద్ధకం. కింద ఏదో జారుతున్నట్టు, బరువుగా అనిపిస్తే గైనకాలజిస్టుకు చూపించుకోండి, లేదంటే అత్తయ్య మాటకు బెంగ వద్దు. గర్భం వస్తే మాత్రం ట్రాక్టర్ పని ఆపేయండి.

సీటు సర్దుకున్నా మూడు, నాలుగు వారాల్లో నొప్పి తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి. రోజూ నొప్పి మాత్రలు మింగుతూ నెట్టుకురావద్దు. కాలులోకి తిమ్మిరి పాకినా, పాదం పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగకపోయినా, రాకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.